ఆరేళ్ల మెలిక: బేస్‌బాల్ చలికాలం పుకార్లు, కోట్ల కాంట్రాక్టుల వెనక కథ

డాలస్‌లో అనతోల్ అని ఒక పెద్ద హోటల్ ఉంది. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడ్డ ఊరు కాబట్టి స్టెమ్మన్స్ ఫ్రీవే మీద వెళ్తూ దాన్ని చూసినవాళ్లు చాలామందే ఉంటారు. బేస్‌బాల్ వాళ్లకు మాత్రం ఆ హోటల్ లాబీ ఒక సంతలాంటిది. 2000 డిసెంబర్‌లో అలెక్స్ రోడ్రిగెజ్ అనే పాతికేళ్ల కుర్రాడికి టెక్సస్ రేంజర్స్ పదేళ్లకు 25.2 కోట్ల డాలర్లు ఇవ్వబోతోందన్న వార్త పొక్కేసరికి బేస్‌బాల్ పెద్దలంతా చలికాలపు సమావేశాల కోసం అక్కడే ఉన్నారు. 2011 డిసెంబర్‌లో ఆల్బర్ట్ పుహోల్స్‌కు లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్ పదేళ్లకు 24 కోట్లు రాసిచ్చినప్పుడూ అక్కడే ఉన్నారు. 2024 డిసెంబర్ 8 రాత్రి హువాన్ సోటో న్యూయార్క్ మెట్స్‌తో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లకు కుదుర్చుకున్నాడన్న కబురు వచ్చింది. అప్పుడూ సమావేశాలు ఆ హోటల్లోనే.

మన లెక్కలో చెప్పుకుంటే సోటో మొత్తం ఆరు వేల నాలుగు వందల కోట్ల రూపాయల పైమాటే. అదే చలికాలం జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌కు 27 కోట్లు పలికితే నోళ్లు వెళ్లబెట్టాం. పది ఐపీఎల్ జట్లూ కలిసి తమ పర్సులు పూర్తిగా ఖాళీ చేసినా 1,200 కోట్లు. సోటో ఒక్కడికి ఏడాదికి అందేది అందులో మూడో వంతు కంటే ఎక్కువ.

ఇంత డబ్బు ఒక్క మనిషికి, అదీ నలభై దాటేదాకా ఎందుకిస్తారు? ప్రతి డిసెంబర్‌లో అమెరికాలో ఇదే గొడవ. 'బుద్ధి ఉన్నవాడెవడైనా 31 ఏళ్లవాడికి పదేళ్లు రాసిస్తాడా' అని ఒకరు, 'ఇవ్వకపోతే పక్కవాడు ఎగరేసుకుపోతాడు' అని ఇంకొకరు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఈనాటి కాంట్రాక్టు కాగితాలు చూస్తే లాభం లేదు. 1976 వేసవిలో యజమానులు, ఆటగాళ్ల యూనియన్ కుదుర్చుకున్న ఒక షరతు దగ్గరికి వెళ్లాలి. దానికంటే ముందు ఇంకో వందేళ్లు వెనక్కి.

బేస్‌బాల్ సీజన్ అక్టోబర్ చివర్లోనో నవంబర్ మొదట్లోనో అయిపోతుంది. మళ్లీ మార్చి దాకా ఆట లేదు. పాతరోజుల్లో మంచు కురిసే ఊళ్లలో జనం కిరాణా కొట్లో బొగ్గు పొయ్యి చుట్టూ చేరి, వచ్చే ఏడు ఎవడు ఏ జట్టుకు పోతాడో మాట్లాడుకునేవాళ్లు. అందుకే ఈ చలికాలపు కబుర్లకు 'హాట్ స్టవ్ లీగ్' అని పేరు. మన రచ్చబండకు చలేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ రోజుల్లో ఆ కబుర్లలో ఆటగాడి ఇష్టాయిష్టాల ప్రసక్తి మాత్రం ఉండేది కాదు. ఎందుకంటే అతనికి ఇష్టం అనేది ఉండటానికి వీల్లేదు.

1879లో నేషనల్ లీగ్ అనే పోటీలో ఆడే క్లబ్బుల యజమానులు గుట్టుగా ఒక మాట అనుకున్నారు. ఒక్కో క్లబ్బు ఐదుగురు ఆటగాళ్లను తనకు 'రిజర్వ్' చేసుకుంటుంది, మిగతా క్లబ్బులు వాళ్ల జోలికి రాకూడదు. ఐదుగురు కాస్తా రానురాను జట్టంతా అయింది. ప్రతి ఆటగాడి కాంట్రాక్టులోనూ ఒక వాక్యం చేరింది: గడువు తీరాక క్లబ్బు తనంతట తాను దీన్ని ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. ఆ పొడిగించిన కాంట్రాక్టులోనూ అదే వాక్యం ఉంటుంది కదా, కాబట్టి మళ్లీ పొడిగించుకోవచ్చు, మళ్లీ మళ్లీ, చచ్చేదాకా. యజమానులు దాన్ని అలాగే చదివారు, దాదాపు వందేళ్లు అలాగే నడిపించారు. 1922లో సుప్రీంకోర్టు కూడా బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టాలు వర్తించవని తేల్చేసింది. బేబ్ రూత్ అంతటివాణ్ని 1919 చివర్లో బోస్టన్ యజమాని న్యూయార్క్ యాంకీస్‌కు లక్ష డాలర్లకు, పైగా ఒక పెద్ద అప్పు కలిపి, అమ్మేశాడు. ఆ బేరంలో రూత్‌ను అడిగినవాళ్లు లేరు.

అడగాలి అన్న మొదటి పెద్ద ఆటగాడు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌లో పన్నెండేళ్లు ఆడిన నల్లజాతి ఆటగాడు, ఏడాదికి 90 వేల డాలర్లు జీతం. 1969 అక్టోబర్‌లో అతణ్ని ఫిలడెల్ఫియాకు మార్చేశారు. నేను కొని అమ్మే సరుకును కాను, నా మాటా వినండి అంటూ అతను ఆ క్రిస్మస్ ముందురోజు బేస్‌బాల్ అధిపతి అయిన కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. కమిషనర్ ఒప్పుకోలేదు. ఫ్లడ్ కోర్టుకెక్కాడు, 1970 సీజనంతా ఆడకుండా కూర్చున్నాడు, 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడిపోయాడు. అప్పటికే అతని ఆట అయిపోయింది. ఈరోజు వందల కోట్లు అందుకుంటున్నవాళ్లలో ఎంతమంది ఫ్లడ్ పేరు తలుచుకుంటారో అని నాకు ఒక్కోసారి అనుమానం.

ఫ్లడ్ వెనక ఒక మీసాలాయన ఉన్నాడు, మార్విన్ మిల్లర్. ఉక్కు కార్మికుల యూనియన్‌లో లెక్కలు చూసే ఆర్థికవేత్త. 1966లో బేస్‌బాల్ ఆటగాళ్ల సంఘానికి వచ్చేనాటికి కనీస జీతం ఏడాదికి 6 వేల డాలర్లు. మిల్లర్ మెల్లగా ఒక్కో ఇటుకా పేర్చుకుంటూ వచ్చాడు. అందులో ముఖ్యమైన ఇటుక, తగవు వస్తే కమిషనర్ కాకుండా మధ్యవర్తి తీర్పు చెప్పడం. యజమానులు అది చిన్న విషయమే అనుకుని ఒప్పుకున్నారు. తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు.

మొదటి సెగ 1974 డిసెంబర్‌లో తగిలింది. ఓక్లండ్ జట్టు పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) క్యాట్‌ఫిష్ హంటర్ జీతం లక్ష డాలర్లు. అందులో సగాన్ని అతని పేర ఒక యాన్యుటీలో, అంటే తర్వాత పింఛనులా అందే పథకంలో, వేయాలని కాంట్రాక్టులో ఉంది. యజమాని చార్లీ ఫిన్లీ వేయలేదు. మధ్యవర్తి పీటర్ సైట్జ్, మాట తప్పింది క్లబ్బు కాబట్టి హంటర్ ఎక్కడికైనా పోవచ్చు అన్నాడు. హంటర్‌ది నార్త్ కరొలైనాలో రైతు కుటుంబం. అతని లాయరు ఆఫీసు ఆహోస్కీ అనే చిన్న పట్నంలో. ఎప్పుడూ అటువైపు తొంగిచూడని పెద్దపెద్ద క్లబ్బుల ప్రతినిధులు వరసగా అక్కడికి వచ్చి వాలారు. బేస్‌బాల్ తొలిసారి ఒక అసలైన బహిరంగ మార్కెట్ చూసింది ఆ రెండు వారాల్లోనే. చివరికి డిసెంబర్ 31న, తనను కుర్రతనంలో గుర్తించిన, అప్పటికి యాంకీస్‌లో ఉన్న పాత స్కౌట్ (ఆటగాళ్లను వెతికేవాడు) మీద నమ్మకంతో, హంటర్ యాంకీస్ దగ్గర సంతకం పెట్టాడు. ఐదేళ్లకు 30 లక్షల డాలర్ల పైమాట. అంతకంటే ఎక్కువ ఇస్తామన్నవాళ్లూ ఉన్నారు. నిన్నటిదాకా లక్ష తీసుకున్న మనిషి విలువ తలుపు తెరిస్తే ఎంతో అందరూ చూశారు. మిగతా ఆటగాళ్లూ చూశారు.

ఏడాది తిరిగేసరికి అసలు గోడే కూలింది. యాండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచ్చర్లు 1975లో కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టలేదు. ఒక ఏడాది పొడిగింపు అంటే ఒక్క ఏడాదే, అయిపోయింది, ఇక మేం స్వేచ్ఛాజీవులం అని వాళ్ల వాదన. 1975 డిసెంబర్ 23న సైట్జ్ అవునన్నాడు. ఒక ఏడాది అన్న మాటకు ఒక ఏడాది అనే అర్థం అన్నందుకు యజమానులు ఆయన్ను వెంటనే తీసేశారు. తీర్పు మాత్రం నిలబడింది.

ఇప్పుడు అసలు మెలిక. ఇక ఆటగాళ్లందరూ ప్రతి ఏడాదీ మార్కెట్‌లోకి రావొచ్చు. యజమానులకు గుండె గుభేలుమంది. ఒక్క ఫిన్లీ మాత్రం, పోనివ్వండి, అందర్నీ వదిలేయండి అన్నాడు. సరుకు ఎక్కువైతే ధర పడిపోతుందని ఆయన లెక్క. అందరూ ఆయన్ను పిచ్చివాడిలా చూశారు. నిజానికి ఆ మాటకు భయపడ్డది మిల్లర్ ఒక్కడే. వందల మంది ఒకేసారి రోడ్డు మీదికి వస్తే ఎవడికీ గిట్టుబాటు ధర రాదని ఆ ఆర్థికవేత్తకు తెలుసు. ఏటా కొద్దిమందే వచ్చేలా ఉంటే వాళ్ల కోసం క్లబ్బులు కొట్టుకుంటాయి. కాబట్టి 1976 జులైలో యజమానులు, ఆటగాళ్లు కుదుర్చుకున్న ఒప్పందంలో ఆరేళ్లు మేజర్ లీగ్‌లో, అంటే పై స్థాయి లీగ్‌లో, ఆడినవాడికే ఫ్రీ ఏజెంట్ హోదా, అంటే ఏ క్లబ్బుతోనైనా కుదుర్చుకునే స్వేచ్ఛ, అని రాసుకున్నారు. తామేదో గట్టి బేరం ఆడామనుకుని యజమానులు సంతోషించారు. మిల్లర్ సంతోషం బయటికి కనబడనివ్వలేదు.

ఆ ఆరేళ్ల షరతు ఈనాటికీ చెక్కుచెదరలేదు. ఈ పుకార్లు, ఈ కాంట్రాక్టులు, అవి తెలివైనవా తెలివితక్కువవా అన్న తగాదా అన్నిటికీ అదే మూలం. ఎందుకో లెక్క చూడండి. మామూలుగా ఒక కుర్రాడు 23, 24 ఏళ్లకు మేజర్ లీగ్‌లో అడుగుపెడతాడు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే. తర్వాత మూడేళ్లు మధ్యవర్తి దగ్గర వాదించుకుని కాస్త పెంచుకోవచ్చు గానీ క్లబ్బు మారలేడు. బేస్‌బాల్ ఆటగాడి శరీరం మహా జోరు మీద ఉండేది ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిది వరకు. ఆరేళ్లు పూర్తయి మార్కెట్‌లోకి వచ్చేసరికి ముప్పై. అంటే అతను జీవితంలో మొదటిసారి అసలు ధర అడిగేది అతని ఆట దిగువకు మళ్లే సమయానికి. ఈడు మీదున్న పాడి గేదెను చవగ్గా ఒకడు పిండుకుంటాడు, వట్టిపోబోయే ముందు సంతలో దానికి రికార్డు ధర పలుకుతుంది.

పుహోల్స్ కథ ఇదే. 2001లో కార్డినల్స్‌కు మొదటిసారి ఆడినప్పుడు లీగ్‌లో కనీస జీతం 2 లక్షల డాలర్లు. అక్కడ పదకొండేళ్లలో 445 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), మూడుసార్లు అత్యుత్తమ ఆటగాడి పురస్కారం, రెండు వరల్డ్ సిరీస్ (ఏడాది చివరి టైటిల్ పోరు) గెలుపులు. మధ్యలో ఒక మంచి కాంట్రాక్టు కుదిరినా అతని ఆటకు అది చవకే. 2011 డిసెంబర్‌లో, 32 నిండడానికి నెల ముందు, ఏంజెల్స్ అతణ్ని పదేళ్లకు కొంది. అక్కడ దాదాపు పదేళ్లలో 222 హోమ్ రన్లు. జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఒక్కసారి, 2014లో. మూడు మ్యాచ్‌లూ ఓడి ఇంటికొచ్చింది. 2021 మేలో కాంట్రాక్టు తీరకముందే వదిలేసింది. పాలు తాగింది సెయింట్ లూయిస్, బిల్లు కట్టింది ఏంజెల్స్ ఊరు అనహైమ్. 'పుహోల్స్‌కు ఇచ్చిన డబ్బు వృథా' అనేవాళ్లు ఆ రెండూ వేర్వేరు జేబులన్న సంగతి మరిచిపోతారు. మనిషి లెక్క చూస్తే అతనికి అందింది అతను సంపాదించిందే. కాకపోతే కాస్త ఆలస్యంగా, వేరే చిరునామా నుంచి.

ఆరేళ్ల షరతును క్లబ్బులు సాగదీసిన తీరు కూడా చూడాలి. 2015లో షికాగో కబ్స్ దగ్గర క్రిస్ బ్రయంట్ అనే కుర్రాడు ఉన్నాడు. ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో బంతిని చితక్కొట్టాడు. అయినా సీజన్ మొదలయ్యే ముందు అతణ్ని కింది లీగ్‌కు పంపారు, ఏప్రిల్ 17న పైకి పిలిచారు. ఎందుకు? ఒక సర్వీసు సంవత్సరం అంటే 172 రోజులు. బ్రయంట్‌కు ఆ ఏడాది పడ్డవి 171. ఒక్క రోజు తక్కువతో క్లబ్బుకు ఇంకో ఏడాది అతని సేవలు దక్కాయి. అతను ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. ఈలోగా ఆ జట్టు తరఫున ఆడుతూ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, 2016లో 108 ఏళ్ల కరువు తీర్చిన టైటిల్‌లో భాగమయ్యాడు. చివరికి స్వేచ్ఛ వచ్చాక 2022లో కొలరాడో రాకీస్ అతనికి ఏడేళ్లకు 18.2 కోట్లు ఇచ్చింది. అప్పట్నుంచీ గాయాలే గాయాలు, మైదానంలో కనబడిందే తక్కువ. ఈ కాంట్రాక్టును అందరూ ఘోరమైన బేరాల జాబితాలో వేస్తారు. ఆ ఒక్క రోజు బేరాన్ని మాత్రం ఎవరూ ఘోరం అనరు, 'తెలివి' అంటారు.

మళ్లీ 1976కు వద్దాం. ఆ నవంబర్‌లో మొదటి ఫ్రీ ఏజెంట్ల గుంపు వచ్చింది. ఈ యాభై ఏళ్లలో జరిగినదంతా ఆ ఒక్క చలికాలంలోనే నమూనాగా కనబడుతుంది. యాంకీస్ యజమాని జార్జ్ స్టైన్‌బ్రెనర్ రెజీ జాక్సన్‌ను ఐదేళ్లకు దాదాపు 30 లక్షలకు తెచ్చుకున్నాడు. మరుసటేడాది వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో జాక్సన్ మూడు హోమ్ రన్లు కొట్టి టైటిల్ చేతిలో పెట్టాడు. అదే చలికాలం క్లీవ్‌లండ్, అప్పుడే 20 మ్యాచ్‌లు గెలిచిన వేన్ గార్లండ్ అనే పిచ్చర్‌కు ఏకంగా పదేళ్లు రాసిచ్చింది, 23 లక్షలు. మొదటి ఏడాదే భుజం పట్టేసింది. ఐదేళ్లలో 28 గెలుపులు, 48 ఓటములు. ఆ తర్వాత అతను ఆడలేదు, డబ్బు మాత్రం అందుతూనే ఉంది. ఒకే సంతలో ఒకడికి లక్ష్మి, ఇంకొకడికి శని. పిచ్చర్ భుజాన్ని నమ్మి పదేళ్లు రాయకూడదన్న పాఠం అప్పుడే దొరికింది. ఎవరూ నేర్చుకోలేదు. 2019 వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడైన స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కు వాషింగ్టన్ నేషనల్స్ ఏడేళ్లకు 24.5 కోట్లు ఇస్తే, ఆ తర్వాత అతను ఆడగలిగింది ఎనిమిది మ్యాచ్‌లు.

అదే వాషింగ్టన్ 2015లో మ్యాక్స్ షెర్జర్‌కు ఏడేళ్లకు 21 కోట్లు ఇచ్చింది. అప్పటికి అతనికీ ముప్పై నిండాయి, అతనూ పిచ్చరే. రెండు సై యంగ్ అవార్డులు (ఏటా మేటి పిచ్చర్‌కు ఇచ్చేవి), 2019 టైటిల్. ముందే తెలిసే విద్య ఎవరి దగ్గరా లేదు. అంకెల నిపుణులు ఎంత పెరిగినా మోచేతి లోపలి లిగమెంట్ ఎప్పుడు తెగుతుందో ఏ కంప్యూటరూ చెప్పలేదు.

ధరలు పెరుగుతుంటే యజమానులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నోలన్ రయాన్ 1979లో హ్యూస్టన్ దగ్గర ఏడాదికి పది లక్షలు తీసుకున్న మొదటి ఆటగాడయ్యాడు. 1985 నుంచి మూడు చలికాలాలు మార్కెట్ ఉన్నట్టుండి గడ్డకట్టింది. ఫ్రీ ఏజెంట్లకు ఫోన్లు రావడం ఆగిపోయింది. ఆండ్రే డాసన్ అనే మేటి ఆటగాడు 1987లో షికాగో కబ్స్ దగ్గరికి వెళ్లి అంకె వేయని కాంట్రాక్టు మీద సంతకం పెట్టి, మీకు తోచింది రాసుకోండి అన్నాడు. వాళ్లు 5 లక్షలు రాశారు. ఆ ఏడాది అతను 49 హోమ్ రన్లు కొట్టి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. యజమానులంతా కూడబలుక్కుని ఎవరి ఆటగాడికీ ఎవరూ ధర ఇవ్వకుండా చూసుకున్నారని మధ్యవర్తులు తేల్చారు. 1990లో 28 కోట్ల డాలర్ల పరిహారంతో ఆ వ్యవహారం ముగిసింది. 'పెద్ద కాంట్రాక్టులు మూర్ఖత్వం' అనే మాట వినబడినప్పుడల్లా నాకు ఈ మూడేళ్లు గుర్తొస్తాయి. యజమానులందరికీ ఒకేసారి బుద్ధి వస్తే దానికి చట్టంలో వేరే పేరుంది.

1994లో జీతాలకు పరిమితి పెట్టాలని యజమానులు పట్టుబడితే ఆటగాళ్లు ఆగస్టు 12 నుంచి సమ్మె చేశారు. ఆ ఏడాది వరల్డ్ సిరీసే జరగలేదు. 1995 మార్చి ఆఖర్లో ఒక ఫెడరల్ జడ్జి యజమానులకు వ్యతిరేకంగా ఉత్తర్వు ఇస్తేగానీ ఆట తిరిగి మొదలవలేదు. ఆ జడ్జి సోనియా సోటోమయోర్, ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్నారు. పరిమితి రాలేదు, దాని బదులు లగ్జరీ ట్యాక్స్ వచ్చింది. ఒక గీత దాటి జీతాలిచ్చిన క్లబ్బు పన్ను కట్టాలి. 2025లో ఆ గీత 24.1 కోట్లు.

ఈ పన్ను కాంట్రాక్టుల రూపాన్నే మార్చేసింది. పన్నుకు లెక్కేసేది ఆ ఏడాది చేతికిచ్చిన డబ్బు కాదు, మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటు. కాబట్టి అదే డబ్బును పదకొండేళ్లకో పదమూడేళ్లకో పరిస్తే సగటు తగ్గుతుంది, పన్ను తగ్గుతుంది. బ్రైస్ హార్పర్‌కు ఫిలడెల్ఫియా 13 ఏళ్లు, ట్రే టర్నర్‌కు 11 ఏళ్లు ఇవ్వడంలోని గుట్టు చాలావరకు ఇదే. నలభయ్యో ఏట వాళ్లు పరుగెత్తగలరని ఎవరూ అనుకోవడం లేదు. చివరి నాలుగేళ్లు అప్పు వాయిదాల్లాంటివి.

వాయిదాలంటే బాబీ బోనియా అనే ఆటగాడు. 2000లో మెట్స్ అతణ్ని వదిలించుకోవాలనుకుంది, ఇంకా 59 లక్షలు బాకీ ఉంది. 'ఇప్పుడొద్దు, 8 శాతం వడ్డీతో తర్వాత ఇవ్వండి' అన్నాడు బోనియా. మెట్స్ యజమానుల డబ్బు అప్పట్లో బెర్నీ మేడాఫ్ అనే పెట్టుబడుల వ్యాపారి దగ్గర అంతకంటే బాగా పెరుగుతోంది, కాగితం మీద. అందుకని సరేనన్నారు. మేడాఫ్‌ది బూటకమని 2008లో తేలింది. బోనియాకు మాత్రం 2011 నుంచి ప్రతి జులై 1న 11,93,248 డాలర్ల 20 సెంట్లు వచ్చిపడుతున్నాయి. అమెరికాలో ఆ రోజును ఒక పండగలా జరుపుకుంటారు, నవ్వుకోవడానికి.

ఇక పుకార్ల సంగతి. ఐపీఎల్‌లో వేలం టీవీలో జరుగుతుంది. ఎవరి పర్సులో ఎంతుందో తెరమీద కనబడుతుంది, సుత్తి పడితే అయిపోయినట్టే. బేస్‌బాల్‌లో సుత్తీ లేదు, పర్సూ లేదు, తేదీ లేదు. పక్క క్లబ్బు ఎంత ఇస్తానందో ఇవతలి క్లబ్బుకు తెలియదు. తెలిసింది ఏజెంటుకు ఒక్కడికే, అతను చెప్పేది నిజమో కాదో అతనికే తెలియాలి. స్కాట్ బోరాస్ ఈ విద్యలో ఆరితేరినవాడు. ఒకప్పుడు కింది లీగుల్లో ఆడి, మోకాళ్లు పాడై మానేసి, ఫార్మసీ డాక్టరేట్, లా డిగ్రీ చేసి ఏజెంటయ్యాడు. పైన చెప్పిన రోడ్రిగెజ్, బ్రయంట్, హార్పర్, స్ట్రాస్‌బర్గ్, సోటో అందరి బేరాలూ ఆయనవే. 'ఇంకో జట్టు కూడా రంగంలో ఉంది, పేరు చెప్పలేం' అన్న ఒక్క మాట పత్రికల్లో వస్తే చాలు, ధర ఒక మెట్టెక్కుతుంది. పుకారు ఇక్కడ కాలక్షేపం కాదు, తూకంరాయి. అందుకే విలేకరులకు అన్ని లీకులు. ఏ లీకు ఎవరి లాభానికో ఆలోచించకుండా చదివితే మునిగిపోతాం.

పుకారు పరాకాష్ఠ 2023 డిసెంబర్ 8. జపాన్ మేటి ఆటగాడు షోహేయి ఒటానీ ఎటు వెళ్తాడో తెలియక అమెరికా, కెనడా రెండు దేశాలూ టెన్షన్‌లో ఉన్నాయి, జపాన్‌ను కలిపితే మూడు. దక్షిణ కాలిఫోర్నియా నుంచి టొరంటోకు ఒక ప్రైవేటు విమానం బయల్దేరిందని ఎవరో కనిపెట్టారు. వేలమంది ఫోన్లలో ఆ విమానం చుక్కను చూస్తూ కూర్చున్నారు. టొరంటోలో ఆడుతున్న ఇంకో జపాన్ పిచ్చర్ స్టేడియం పక్కన సుషీ హోటల్ మొత్తం బుక్ చేశాడని ఇంకో కబురు. ఒటానీ దారిలో ఉన్నాడని పేరున్న విలేకరే చెప్పేశాడు. విమానం దిగింది, తలుపు తెరుచుకుంది, బయటికొచ్చింది రాబర్ట్ హెర్జావెక్ అనే కెనడా వ్యాపారవేత్త, పిల్లలతో. ఒటానీ తన ఇంట్లో ఉన్నాడు. మర్నాడు ఇన్‌స్టాగ్రామ్‌లో తనే చెప్పుకున్నాడు: లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్, పదేళ్లు, 70 కోట్ల డాలర్లు. ఆ 70లో 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా, వడ్డీ లేకుండా, తీసుకుంటానన్నది ఆ తర్వాత తెలిసింది. పదేళ్లూ చేతికొచ్చేది ఏడాదికి 20 లక్షలే. అందువల్ల పన్ను లెక్కలో అతని ఖరీదు 7 కోట్ల నుంచి 4.6 కోట్ల చిల్లరకు దిగింది. శీర్షికల్లో వచ్చే అంకెను ఎప్పుడూ పూర్తిగా నమ్మకూడదని చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. ఆ తర్వాత రెండేళ్లూ డాడ్జర్స్‌దే టైటిల్, రెండోసారి ఓడించింది ఎవర్నో కాదు, టొరంటోనే.

అంతకు ముందు ఏడాది ఇంకో సరదా. ఆరన్ జడ్జ్ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కు పోతున్నట్టు ఒక పెద్ద విలేకరి తొందరలో ట్వీట్ కొట్టాడు, ఆ తొందరలో ఆరన్ కాస్తా 'ఆర్సన్' అయింది, అంటే ఇళ్లు తగలబెట్టడం. కాసేపటికి వెనక్కి తీసుకున్నాడు. తెల్లారేసరికి జడ్జ్ యాంకీస్‌తోనే తొమ్మిదేళ్లకు 36 కోట్లకు కుదుర్చుకున్నాడు. కొన్నాళ్లకు అదే జెయింట్స్ కార్లోస్ కొరేయాకు 13 ఏళ్లకు 35 కోట్లని మాటిచ్చింది. ప్రెస్‌మీట్ కొన్ని గంటల్లో ఉందనగా వైద్య పరీక్షలో పాత కాలి సర్జరీ చూసి వెనకాడింది. ఆ రాత్రే మెట్స్ 31.5 కోట్లంది, వాళ్ల డాక్టర్లకూ అదే కాలు నచ్చలేదు. చివరికి జనవరిలో మిన్నెసోటా దగ్గర ఆరేళ్లకు 20 కోట్లు. ఇల్లు అలకగానే పండగ కాదన్నది అక్కడ డాక్టరు చేతిలో రుజువైంది.

రోడ్రిగెజ్ కాంట్రాక్టు సంగతి మిగిలిపోయింది. ఇది తెలివితక్కువ బేరాల పట్టికల్లో ఎప్పుడూ పైనే ఉంటుంది. కానీ టెక్సస్‌లో మూడేళ్లలో అతను 52, 57, 47 హోమ్ రన్లు కొట్టాడు, 2003లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఇచ్చిన ప్రతి డాలరుకూ ఆట ఆడాడు. మూడేళ్లూ జట్టు మాత్రం డివిజన్‌లో అట్టడుగునే. యజమాని టామ్ హిక్స్ అసలు క్లబ్బును కొన్నదే 25 కోట్లకు, ఆటగాడికి ఇచ్చింది 25.2. పిచ్చర్లకు డబ్బు మిగల్లేదు. 2004లో అతణ్ని యాంకీస్‌కు పంపేసి, పంపినందుకు ఎదురు 6.7 కోట్లు కడతానంది. 2010లో క్లబ్బు దివాలా తీసింది. అప్పులవాళ్ల జాబితాలో హామీ లేని అప్పుల వరసలో మొదటి పేరు రోడ్రిగెజ్, 2.49 కోట్లు. వేలంలో క్లబ్బును కొన్న బృందంలో ఒకరు నోలన్ రయాన్, 1979లో ఏడాదికి పది లక్షలు తీసుకుని ఆట పాడైపోతోందని అనిపించుకున్న ఆ పిచ్చరే.

సోటో 19 ఏళ్లకే మేజర్ లీగ్‌లోకి వచ్చాడు కాబట్టి ఆరేళ్లు 25కే నిండాయి. పుహోల్స్‌కూ అతనికీ అసలు తేడా అదే. 2022లో వాషింగ్టన్ 15 ఏళ్లకు 44 కోట్లు ఇస్తానంటే వద్దన్నాడు. రెండున్నరేళ్లు ఓపిక పట్టి మార్కెట్‌లోకి వచ్చినందుకు 32.5 కోట్లు అదనంగా దక్కాయి. మెట్స్ తరఫున మొదటి ఏడాది, 2025లో, 43 హోమ్ రన్లు, 38 బేస్‌లు దొంగిలించాడు, అంటే బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి మెట్టు చేరుకున్నాడు. జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు.

యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. పరిమితి మాట మళ్లీ లేస్తోంది. అది ఎటు తేలినా, రాసిచ్చిన కాగితాలు రాసిచ్చినవే. 2035 జులై 1న బోనియాకు మెట్స్ చివరి చెక్కు పంపుతుంది, అప్పటికి అతనికి 72. ఆ ఏడాది డాడ్జర్స్ ఒటానీకి 6.8 కోట్ల రెండో వాయిదా కడుతుంది. సోటోకు ఇంకా నాలుగు సీజన్లు మిగిలే ఉంటాయి.